ముందు డీబీ, తర్వాత మెగాబిట్లు: మన సరిహద్దు జిల్లాల్లో క్వాంటం కీ లింకు ఎంచుకోవడం

మా బామ్మర్ది బరంపురంలో ఒక సహకార సంస్థలో కంప్యూటర్ల విభాగం చూస్తాడు. పోయిన నెల ఫోన్ చేసి, "బావా, క్వాంటం కీ బాక్సులకి కొటేషన్ వచ్చింది. సెకనుకు మెగాబిట్ల లెక్కన కీ ఇస్తుందట. మన ఛత్రపూర్ లింకుకి తీసుకోమంటావా? నువ్వు ఫైబర్ మనిషివి కదా" అన్నాడు. నేను పద్దెనిమిదేళ్లుగా ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఫైబర్ లాగడం, తెగితే స్ప్లైసింగ్ చేయడం, అంటే అతకడం, ఇదే పనిలో ఉన్నాను. ఫోన్‌లో అతనికి సగమే చెప్పగలిగాను. పర్లాకిమిడిలో, గుణుపూర్‌లో, జయపురంలో ఇలాంటి కుర్చీల్లో మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఇవాళ కాకపోతే రేపు ఈ కొటేషన్ వాళ్ల టేబుల్ మీదకీ వస్తుంది. అందుకే పూర్తిగా రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. బ్రోషర్‌లో మెగాబిట్ల సంగతి తర్వాత చూడవచ్చు. ముందు మీ రూట్‌లో ఎన్ని డీబీ (డెసిబెల్) లాస్ ఉందో, అంటే దారిలో ఎంత వెలుతురు పోతోందో కొలిపించండి. ఏది కొనాలి, అసలు కొనాలా వద్దా అన్నది సగం అక్కడే తేలిపోతుంది.

సాఫ్ట్‌వేర్‌తో సరిపోతుందా?

క్వాంటం కీ పంపిణీ, పొట్టిగా క్యూకేడీ, మీ డేటాను మోసే పరికరం కాదు. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. డేటా ఎప్పటిలాగే మామూలు లైన్ మీద ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్‌తో వెళ్తుంది. ఆ తాళానికి కావాల్సిన రహస్య కీని రెండు చివర్లకూ చేర్చడమే క్యూకేడీ పని. కీని ఒక్కో ఫోటాన్ స్థాయి వరకు బలహీనపరిచిన లేజర్ పల్సులతో పంపుతారు. మధ్యలో ఎవరైనా పట్టి చూస్తే ఫోటాన్ స్థితి చెదిరి, అటువైపు తప్పుల శాతం పెరుగుతుంది. 1984లో బెన్నెట్, బ్రసార్డ్ ప్రతిపాదించిన బీబీ84 పద్ధతిలో ఆ తప్పులు సుమారు 11 శాతానికి చేరితే ఆ కీని పారేయాల్సిందే.

రెండో దారి పోస్ట్ క్వాంటం క్రిప్టోగ్రఫీ, అంటే పీక్యూసీ. ఇది కొత్త లెక్కల మీద నడిచే సాఫ్ట్‌వేర్. 1994లో పీటర్ షోర్ చూపిన పద్ధతితో పెద్ద క్వాంటం కంప్యూటర్ వస్తే ఇన్నాళ్లూ వాడుతున్న ఆర్‌ఎస్‌ఏ అనే తాళం విరిగిపోతుంది. దానికి విరుగుడుగా అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టు 13న మూడు కొత్త ప్రమాణాలు విడుదల చేసింది. కీ మార్పిడికి ఎంఎల్-కెమ్, డిజిటల్ సంతకానికి ఎంఎల్-డీఎస్‌ఏ, ఎస్‌ఎల్‌హెచ్-డీఎస్‌ఏ. ఎంఎల్-కెమ్ 768లో పబ్లిక్ కీ 1184 బైట్లు. 4జీ మీదైనా వెళ్తుంది, వీశాట్ (ఉపగ్రహ లింకు) మీదైనా వెళ్తుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌లో 2025 ఏప్రిల్‌లో వచ్చిన 3.5 వెర్షన్ నుంచి ఇది లోపలే ఉంది.

మల్కన్‌గిరి వైపు సిమ్ రూటర్ మీద నడిచే బ్రాంచీ ఉందనుకోండి. అక్కడ క్యూకేడీ మాటే ఎత్తకండి, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఫైబర్ లేకుండా ఇలాంటి బాక్సులు నడవవు. పీక్యూసీ ఒక్కటే దారి, అదీ ఖర్చు తక్కువ దారి.

ఇంకో సంగతి. క్యూకేడీ పెట్టినా అవతల ఉన్నది మన మనిషే అని నిర్ధారించుకునే పని మిగిలే ఉంటుంది. దానికి ముందే చేతికిచ్చిన రహస్య కీ అయినా ఉండాలి, పీక్యూసీ సంతకమైనా ఉండాలి. అంటే క్యూకేడీ కొన్నవాళ్లకీ పీక్యూసీతో పని పడవచ్చు, పీక్యూసీ పెట్టుకున్నవాళ్లకు క్యూకేడీ తప్పనిసరి కాదు. అమెరికా ఎన్‌ఎస్‌ఏ, బ్రిటన్ ఎన్‌సీఎస్‌సీ లాంటి ప్రభుత్వ భద్రతా సంస్థలు కూడా ఇలాంటి కారణాలతోనే ముందు పీక్యూసీ అంటున్నాయి.

అలాగని క్యూకేడీని కొట్టిపారేయలేను. లెక్కల మీద ఆధారపడిన తాళానికి ఒక భయం ఎప్పుడూ ఉంటుంది. నిస్ట్ పోటీలో చాలా దూరం వచ్చిన సైక్ అనే పద్ధతిని 2022లో ఇద్దరు పరిశోధకులు మామూలు ప్రాసెసర్‌లోని ఒక్క కోర్‌తో గంట సేపట్లో విరిచారు. ఎంఎల్-కెమ్ వేరే గణితం, దాన్ని అలా ఎవరూ విరవలేదు. కానీ ఈరోజు లైన్ మీద వెళ్లే డేటాను ఎవరో నిల్వ చేసుకుని, ఇరవై ఏళ్ల తర్వాత విప్పుతారన్న టెన్షన్ మీకు నిజంగా ఉంటే రెండో పొర విలువైనదే. మనిషి బతికున్నంత కాలం గుట్టుగా ఉండాల్సిన వైద్య రికార్డులు, విద్యుత్ గ్రిడ్ నియంత్రణ, రక్షణ పనులు ఆ కోవలోకి వస్తాయి. నెలవారీ జీతాల షీట్లకు ఈ ఖర్చు దండగ.

ఏ ఫైబర్ మీద?

నాకు బాగా తెలిసిన చోటు ఇదే కాబట్టి ఇక్కడ కాస్త నిలబడతాను.

మామూలు సింగిల్ మోడ్ ఫైబర్‌లో 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కిలోమీటరుకు సుమారు 0.2 డీబీ పోతుంది. 1310 దగ్గర 0.35 వరకు పోతుంది. 3 డీబీ అంటే సగం ఫోటాన్లు, 10 డీబీ అంటే పదో వంతు, 20 డీబీ అంటే నూరో వంతు మిగులుతాయి. మామూలు డేటాకైతే వెలుతురు తగ్గితే మధ్యలో యాంప్లిఫయర్ పెట్టేస్తాం. ఇక్కడ ఆ వీలు లేదు. తెలియని క్వాంటం స్థితికి నకలు తీయడం కుదరదని 1982లోనే రుజువైంది, యాంప్లిఫయర్ చేసేది ఒక రకంగా నకలే. పోయిన ఫోటాన్ పోయినట్టే.

బామ్మర్ది వాళ్ల రూట్ కాగితం మీద 22 కిలోమీటర్లు. కిలోమీటరుకు 0.2 చొప్పున 4.4 డీబీ రావాలి, జాయింట్లకు ఇంకాస్త. ఫైబర్‌లో ఎక్కడ ఎంత లాస్ ఉందో గీతగా చూపే మీటర్, ఓటీడీఆర్, పెట్టి చూస్తే 9.4 చూపించింది. తెర మీద గీత మెల్లగా వాలుతూ వచ్చి, పదకొండో కిలోమీటరు దాటాక ఒక్కసారి మెట్టు దిగినట్టు పడింది. వెళ్లి చూస్తే కల్వర్టు పక్కన ఒక పాత క్లోజర్, అంటే జాయింట్లు దాచే డబ్బా. మూత తీయగానే నీళ్లు కారాయి. లోపల ట్రేలో ఫైబర్‌ని రూపాయి బిళ్లంత చుట్టకు బిగించి కుక్కారు. ఎర్ర లేజర్ పెన్ కొడితే ఆ వంపు దగ్గర వెలుగు బయటికి చిమ్ముతోంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన రాత్రుల్లో ఎవరో హడావిడిగా చేసిన పని అది. వాళ్లని తప్పుపట్టను, ఆ వారంలో లైన్ లేస్తే చాలనుకున్నాం అందరం. మామూలు డేటా ఆ లాస్‌తోనే ఇన్నేళ్లూ నడిచింది, ఎవరికీ తెలియలేదు. క్లోజర్ మార్చి, మూడు జాయింట్లూ మళ్లీ చేసి, ఒక పాచ్ ప్యానెల్ దగ్గర దుమ్ము పట్టిన కనెక్టర్ తుడిస్తే 5.1కి వచ్చింది.

ఇక్కడ లెక్క చూడండి. బ్రోషర్‌లో రేటు పక్కన చిన్న అక్షరాల్లో 2 డీబీ దగ్గర అని ఉంది. 9.4 డీబీ దగ్గర ఆ రేటు ఐదో వంతు కన్నా తక్కువకు పడిపోతుంది. 5.1 దగ్గర సుమారు సగం నిలుస్తుంది. ఖరీదైన డిటెక్టర్ కొని తెచ్చుకునే లాభాన్ని ఒక రోజు స్ప్లైసింగ్ పని తెచ్చిపెట్టింది. మన బరంపురం పట్టు మగ్గం మీద దారంలో ముడి పడితే చీర మీద కనబడుతుంది కదా, క్వాంటం లింకులో ప్రతి జాయింటూ అలాగే కనబడుతుంది.

కొలిచేటప్పుడు 1310, 1550 రెండింటి దగ్గరా కొలిపించండి. వంపుల వల్ల పోయే లాస్ 1550 దగ్గర ఎక్కువ. 1310 బాగుండి 1550 పాడైందంటే ఎక్కడో ఫైబర్ మెలి తిరిగిందని అర్థం. రెండు చివర్ల నుంచీ తీయించి సగటు చూడండి, ఒకవైపు తీసిన గీత జాయింట్లను తక్కువగానో ఎక్కువగానో చూపిస్తుంది.

భూమిలో డక్టులో వేసిన ఫైబర్‌కీ, స్తంభాల మీద వేలాడేదానికీ మధ్య ఎంచుకునే అవకాశం ఉంటే రెండో ఆలోచన వద్దు, భూమిలోదే తీసుకోండి. గాలికి ఊగే కేబుల్‌లో కాంతి పోలరైజేషన్, అంటే తరంగం ఊగే దిశ, క్షణక్షణం మారుతుంది, పోలరైజేషన్ మీద కీ రాసే సిస్టం దాన్ని వెంటాడి సరిచేసుకుంటూ ఉండాలి. హైటెన్షన్ టవర్ల పైన ఎర్త్ వైరులో వచ్చే ఫైబర్ దొంగల చేతికి అందదు, జేసీబీ తవ్వకాలకు తెగదు, అది నిజమే. కానీ పిడుగు పడి ఆ వైరులో కరెంటు పారినప్పుడు పోలరైజేషన్ గిర్రున తిరుగుతుంది. వేసవి సాయంత్రాల్లో మన దగ్గర పిడుగులు ఎలా పడతాయో చెప్పక్కర్లేదు. ఆ ఫైబర్ ఒక్కటే దిక్కైతే టైమ్ బిన్ (ఫోటాన్ వచ్చే క్షణం) లేదా ఫేజ్ మీద కీ రాసే సిస్టం అడగండి. అది ఈ తిరుగుళ్లను బాగా తట్టుకుంటుంది.

డార్క్ ఫైబర్, అంటే కేబుల్‌లో వాడకంలో లేని ఖాళీ కోర్ (ఒక ఫైబర్ పోగు), దొరికితే అన్నిటికన్నా మేలు. డేటా నడుస్తున్న కోర్‌లోనే క్వాంటం సిగ్నల్ కూడా పంపవచ్చు గానీ, డేటా లేజర్ వెలుగు ఫైబర్‌లోనే చెదిరి రామన్ నాయిస్ అయి ఒంటరి ఫోటాన్ల మీద పడుతుంది. సంతలో చెవిలో గుసగుస చెప్పినట్టు ఉంటుంది పరిస్థితి. డేటా 1550 వైపు ఉంటే క్వాంటం సిగ్నల్‌ను 1310 వైపు పెట్టి ఈ బాధ తగ్గిస్తారు. బదులుగా కిలోమీటరుకు లాస్ ఎక్కువ భరించాలి. ఇరవై కిలోమీటర్ల లోపు అది ఓర్చుకోవచ్చు.

బరంపురం నుంచి ఇచ్ఛాపురం దాకా ఫైబర్ తీసుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. దూరం తక్కువే, కానీ సరిహద్దు దగ్గర టెలికాం సర్కిల్ మారుతుంది. తెగితే ఇటు టీమా, అటు టీమా అని తేలేసరికి పూట గడిచిపోతుంది. అగ్రిమెంట్‌లో ఏ క్లోజర్ దాకా ఎవరి బాధ్యతో రాయించుకోండి, కోర్ నంబరుతో సహా.

ఏ బాక్స్?

మూడు రకాలు మీ ముందుకు రావచ్చు.

మొదటిది డికాయ్ స్టేట్ బీబీ84, మామూలు ఏపీడీ (అవలాంచ్ ఫోటోడయోడ్) డిటెక్టర్లతో. లేజర్ పల్సులో ఒక్కోసారి రెండు ఫోటాన్లు వెళ్తాయి, ఒకటి దొంగిలించవచ్చు. దాన్ని పట్టుకోవడానికి వేర్వేరు తీవ్రతల పల్సులు కలిపి పంపడమే డికాయ్. భద్రత రుజువులు బాగా నలిగిన పద్ధతి ఇది. డిటెక్టర్‌ను సున్నాకు 30 నుంచి 50 డిగ్రీల కింద చల్లబరిస్తే చాలు, ఆ పని బాక్స్ లోపలే జరుగుతుంది. ర్యాక్‌లో పెట్టి కరెంటిస్తే నడుస్తుంది.

రెండోది అదే పద్ధతి, సూపర్ కండక్టింగ్ నానోవైర్ డిటెక్టర్లతో. చాలా రికార్డులు వీటివే. ఫోటాన్ పడిన తర్వాత డిటెక్టర్ కోలుకోవడానికి కొంత సమయం కావాలి, ఆలోపు వచ్చినవి లెక్కలోకి రావు. పురుషోత్తపురం చెక్‌పోస్టులో ఒకే గేటు ఉంటే లారీలు హైవే మీద బారులు తీరినట్టే. అందుకే ఒకే డిటెక్టర్‌లో చాలా గేట్లు పెట్టారు. 2023లో చైనా సైన్స్ అండ్ టెక్నాలజీ విశ్వవిద్యాలయం (యూఎస్‌టీసీ) బృందం 8 పిక్సెళ్ల డిటెక్టర్‌తో 10 కి.మీ. ఫైబర్ మీద సెకనుకు 115.8 మెగాబిట్ల కీ సాధించింది. అదే ఏడాది జెనీవా బృందం 14 పిక్సెళ్లతో 10 కి.మీ. మీద 64 మెగాబిట్లు, 102 కి.మీ. మీద 3 మెగాబిట్లు చూపించింది. 2010లో కేంబ్రిడ్జ్‌లోని తోషిబా ప్రయోగశాల 50 కి.మీ. మీద 1 మెగాబిట్ నిలకడగా ఇవ్వడమే గొప్ప వార్త. ఆ పురోగతి చూస్తే నిజంగా సంతోషం వేస్తుంది.

కానీ ఈ డిటెక్టర్లు పనిచేయాలంటే సున్నాకు సుమారు 270 డిగ్రీల కింద ఉండాలి. క్రయో కంప్రెసర్ రాత్రింబవళ్లు నడవాలి. కరెంటు పోయి అది వేడెక్కితే మళ్లీ చల్లబడడానికి గంటలు పడుతుంది. మే నెల వోల్టేజీ, తుపాను తర్వాత రోజుల తరబడి జనరేటర్ మీద నడిపే ఆఫీసులు తెలిసినవాణ్ణిగా చెప్తున్నాను, జిల్లా కేంద్రంలో దీన్ని పెట్టుకోవద్దు. భువనేశ్వర్‌లో, విశాఖలో మంచి డేటా సెంటర్ ఉంటే ఆలోచించండి.

మూడోది సీవీ-క్యూకేడీ. ఇందులో ఒంటరి ఫోటాన్లను లెక్కపెట్టరు, కాంతి తరంగపు హెచ్చుతగ్గులను మామూలు టెలికాం తరహా రిసీవర్‌తో కొలుస్తారు. చల్లబరచాల్సిన పని లేదు. డేటా నడిచే కోర్‌లో కూడా బాగా నెట్టుకొస్తుంది. దూరం పెరిగితే మాత్రం త్వరగా నీరసిస్తుంది, వెనుక లెక్కల భారం ఎక్కువ. ఊళ్లోనే రెండు ఆఫీసుల మధ్య, పదీ పదిహేను కిలోమీటర్లలో, వేరే కోర్ దొరకనప్పుడు నేనైతే దీన్నే ముందు చూస్తాను.

పాత మోడళ్లలో కోహెరెంట్ వన్ వే అనే పద్ధతి కనబడుతుంది. నిర్మాణం సులువు, ధర తక్కువ. 2020లో వచ్చిన పరిశోధనలు దాని భద్రతకు ముందు అనుకున్నంత దూరం హామీ లేదని చూపించాయి. తక్కువ ధరకు వస్తోందని దాన్ని తీసుకోకండి.

అమ్మేవాళ్లను అడగాల్సింది ఒక్క వాక్యంలో చెప్పాలంటే, మా రూట్‌లో కొలిచిన డీబీ దగ్గర, మా కోర్ మీద, వారం రోజులు నడిపి రేటు చూపించమనండి. డిటెక్టర్‌ను బలమైన లేజర్‌తో గుడ్డిదాన్ని చేసి కీ కొట్టేయవచ్చని 2010లో వదీం మకరోవ్ బృందం అమ్మకంలో ఉన్న పరికరాల మీదే చూపించింది, దానికి ఏం రక్షణ పెట్టారో రాతలో తీసుకోండి. డేటాకు తాళం వేసే మీ ఎన్‌క్రిప్టర్‌తో మాట్లాడడానికి ఎట్సీ 014 అనే ప్రామాణిక ఇంటర్‌ఫేస్ ఉందో లేదో కూడా చూసుకోండి. అది లేకపోతే రేపు ఇంకో కంపెనీ ఎన్‌క్రిప్టర్ కొనాలన్నా చిక్కే.

ఎంత స్పీడ్ కావాలి?

ఏఈఎస్ కీ 256 బిట్లు. సెకనుకో కొత్త కీ మార్చినా సెకనుకు 256 బిట్లు చాలు. ఒక మెగాబిట్ వస్తే సెకనుకు 3,900 కీలు. ఛత్రపూర్ లింకులో ఉన్నది ఒక్క ఎన్‌క్రిప్టర్. ఇది చెప్పాక బామ్మర్ది కాసేపు మాట్లాడలేదు.

స్పీడ్ నిజంగా అవసరమయ్యేది వన్ టైమ్ ప్యాడ్ వాడేటప్పుడు. అందులో డేటా ఎన్ని బిట్లుంటే కీ అన్ని బిట్లు ఖర్చవుతుంది. ఒక డిజిటల్ ఎక్స్‌రే 10 మెగాబైట్లు అనుకుందాం, అంటే 80 మెగాబిట్లు. సెకనుకు 1 మెగాబిట్ కీ వచ్చే లింకులో 80 సెకన్ల కీ దానికే పోతుంది. 10 కిలోబిట్ల లింకులో రెండు గంటల పైమాటే. రాత్రంతా పోగైన కీని నిల్వ చేసుకుని పగలు వాడుకునే వెసులుబాటు ఉంది కాబట్టి రోజుకు ఎన్ని ఫైళ్లు అన్నది లెక్కేసి చూడండి. చాలా ఆసుపత్రులకు ఏఈఎస్‌తోనే పని జరుగుతుంది. ఒకే లింకు మీద వందల ఎన్‌క్రిప్టర్లకు కీ పంచాల్సిన పెద్ద కేంద్రాలకు మెగాబిట్లు అవసరం.

వంద కిలోమీటర్లు దాటితే

బరంపురం నుంచి భువనేశ్వర్ రోడ్డు మీద సుమారు 170 కి.మీ. ఫైబర్ మార్గం ఎప్పుడూ రోడ్డు కన్నా ఎక్కువే. 34 డీబీ, జాయింట్లు కలిపితే ఇంకా పైన. రెండు వేల ఫోటాన్లు పంపితే ఒకటి చేరడం కూడా కష్టం. ఏపీడీ బాక్సుతో ఇది ఒక్క గెంతులో అవ్వదు, మధ్యలో ట్రస్టెడ్ నోడ్ పెట్టాలి. అక్కడ కీ ఒకసారి విప్పబడి మళ్లీ ముందుకు వెళ్తుంది. బీజింగ్ నుంచి షాంఘై దాకా 2,000 కి.మీ. లైన్ 2017లో 32 ఇలాంటి నోడ్లతోనే మొదలైంది. మన దేశంలో 2022లో డీఆర్‌డీవో, ఐఐటీ ఢిల్లీ కలిసి ప్రయాగ్‌రాజ్, వింధ్యాచల్ మధ్య 100 కి.మీ. పైగా అప్పటికే వేసి ఉన్న ఫైబర్ మీద నోడ్ లేకుండా చేసి చూపించాయి. 2023లో కేబినెట్ ఆమోదించిన 6,003.65 కోట్ల నేషనల్ క్వాంటం మిషన్‌లో ఊళ్ల మధ్య 2,000 కి.మీ. క్యూకేడీ ఒక లక్ష్యం.

నోడ్ పెడితే ఆ గది తాళం ఎవరి దగ్గర ఉంటుందన్నదే అసలు ప్రశ్న అవుతుంది. ఆ గదిలోకి వెళ్లగలిగినవాడు మీ కీ చూడగలడు. దారి మధ్యలో ఎక్కడో అద్దె షెల్టర్‌లో, ఏసీ మెకానిక్‌కీ జనరేటర్ మనిషికీ తాళాలు ఇచ్చే చోట నోడ్ పెట్టే మాటైతే, ఆ డబ్బు మిగుల్చుకుని పీక్యూసీతో ఉండడం నయం. నోడ్‌ను నమ్మనక్కర్లేని ట్విన్ ఫీల్డ్ పద్ధతిని 2018లో ప్రతిపాదించారు. 2023లో దానితో 1,002 కి.మీ. దాకా వెళ్లారు, అయితే అంత దూరాన వచ్చే కీ సెకనుకు ఒక్క బిట్‌లో చాలా చిన్న వంతు. రెండు చివర్ల లేజర్ల ఫేజ్ ఒకదానితో ఒకటి కలిసి నడవాలి కాబట్టి జిల్లా స్థాయిలో నడిపే సరుకు ఇంకా కాదు.

రాయగడ నుంచి పార్వతీపురం, కోరాపుట్ నుంచి జయపురం, బరంపురం నుంచి గోపాల్‌పూర్ లాంటివి ఒక్క గెంతు దూరాలు. క్యూకేడీ పెట్టాలనుకుంటే ఇలాంటి జతల్లోనే మొదలుపెట్టండి, అదీ భూమిలో ఖాళీ కోర్ దొరికిన చోట, ఏపీడీ డికాయ్ బాక్సుతో.

బామ్మర్ది వాళ్లకు నేను రాసిచ్చింది ఇది. బ్రాంచీలన్నిటికీ ఈ ఆర్థిక సంవత్సరంలోనే పీక్యూసీ. ఛత్రపూర్ లింకు కొటేషన్ పక్కన పెట్టి, ముందు 5.1 డీబీ వర్షాకాలం దాటాక కూడా అలాగే నిలుస్తుందో లేదో చూడడం. కల్వర్టు దగ్గర కొత్త క్లోజర్ మూతకు సీలు వేసి, మీద తేదీ రాసి వచ్చాను. దీపావళి తర్వాత మళ్లీ ఓటీడీఆర్ పెడతాం, ఆ గీత చూశాక అమ్మేవాళ్లను వారం రోజుల ట్రయల్‌కి పిలుస్తాం.